అడుసుసీమ

ఆటలో చేరతానని రాసింది రాత్రి పదకొండుకి,
రొయ్యల చెరువు గట్టు మీద, తాటాకు పాకలో,
ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో టార్చిలైటు.
అర్ధరాత్రి దాటాక జవాబొచ్చింది:
"మంచి రాజ్యాలన్నీ అయిపోయాయండీ.
కొండలు పోయాయి, గనులు పోయాయి,
డ్రాగన్లు గుడ్లు పెట్టే దీవి నిన్ననే పోయింది.
అడుసుసీమ ఒక్కటే మిగిలింది.
ముందాయన మూడు వారాలకే వదిలేశాడు."

పటం తెరిచాను.
అట్టడుగున, సముద్రం అంచున,
మూడు పాయలుగా చీలిన ఏరు,
మధ్యలో ఆకుపచ్చా కాని, మట్టీ కాని ఒక రంగు.
కోట లేదు. గుర్రం నడవదు.
పన్ను కింద వచ్చేది ఉప్పు, చేప, రెల్లుగడ్డి.
నవ్వొచ్చింది నాకు.
సఖినేటిపల్లి రేవు దాటి మా ఊరొచ్చి
ఎవరో పేరు మార్చి గీసుకుపోయారు.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ
మేం కాలు కడిగేది కూడా అడుసులోనే.
ఆయ్, తీసుకుంటానండి, అని రాశాను.

ఆట నడిపేది జుబేదా గారు.
ఆదోని బస్సు డిపోలో టిక్కెట్ల లెక్క ఆవిడ ఉద్యోగం.
జీతం దానికే, దీనికి లేదు.
ఆదివారం రాత్రి పదిలోగా
పద్నాలుగు మంది రాజులం ఆజ్ఞలు పంపుతాం.
ఆవిడ తెల్లారేదాకా పాచికలు వేసి
ఎవరి సైన్యం ఏ వాగు దగ్గర ఆగిందో రాస్తారు,
చచ్చిన గుర్రం రంగుతో సహా.
ఎందుకండీ ఇంత కష్టం అంటే
"డిపోలో లెక్క తేలితే ఎవరూ సంతోషించరు" అన్నారు.

మొదటి నెల నన్నెవరూ పలకరించలేదు.
బోధన్‌లో మందుల షాపాయన, నిప్పుకోట ప్రభువు,
సరిహద్దులో జెండా పాతి
"దారి ఇస్తే తొక్కకుండా పోతా" అన్నాడు.
ఇచ్ఛాపురం కుర్రాడు, గద్దల దొర,
సంధి అని రెండుసార్లు రాసి రెండుసార్లూ చెరిపేశాడు.
నేను ఖజానా అంతా పోసి
ఏటికి అడ్డంగా తలుపులు కట్టిస్తున్నాను.
లాకులనే మాట ఆటలో లేదు.
అర్థం కావాలని మా కాలువ లాకుల ఫొటో పంపాను:
పాచి పట్టిన చెక్క, లస్కరు సైకిలు,
సందులోంచి కారే నీళ్ళు.
"వీటికి నియమాలు రాయాలి, వారం ఆగండి" అన్నారావిడ.
రాశారు. ఆరు పేజీలు.

మా దగ్గర కాలువలు కట్టేసే ఎండల్లోనే
అక్కడ నిప్పుకోట దిగింది,
ఎండిన కాలువ అడుగున, మెత్తటి ఇసక మీద,
తొమ్మిది వేల మంది, వెనక ఏనుగులు.
నాకున్నది నాలుగొందల మంది పడవవాళ్ళు.
ఆజ్ఞ ఒక్కటే రాశాను:
అమావాస్య పోటుకి సముద్రం తలుపులు తియ్యండి,
పాటు మొదలవగానే ముయ్యండి.

పంపేలోపు కరెంటు పోయింది.

ఏరేటర్ల చప్పుడు ఆగితే
నిద్రలో ఉన్నవాడైనా లేచి కూర్చుంటాడు.
ఫోను మంచం మీద పడేసి పరిగెత్తాను.
ఇంజను హ్యాండిలు తిప్పీ తిప్పీ అరచెయ్యి చీలింది.
యజమాని ఫోను ఎత్తడు.
నీళ్ళ మీదికి మీసాలు పెట్టి వేలకు వేలు
ఏ రాజ్యానికీ చెందని జనం
గాలి కోసం వచ్చి నిలబడింది.

ఇంజను అందుకునేసరికి పదీ నలభై.
సీమ పోయిందనుకుంటూ బురద చేత్తోనే ఫోను తీశాను.
అందరూ మేలుకునే ఉన్నారు.
"అడుసుసీమ ఏదీ?"
"ఆయన చెరువు కాపలా కదా, కరెంటేమో."
"ఆగుదాం."
ఆగుదామన్నది నిప్పుకోట,
ఏనుగులతో నా గుమ్మంలో నిలబడినవాడు.
కింద జుబేదా గారు:
"పాచికలు చేతిలోనే ఉన్నాయి. నిదానంగా పంపండి."

తెల్లారి ఫలితం వచ్చింది.
పోటు ఎక్కింది. తొమ్మిది వేలూ మునిగారు.
ఒక ఏనుగు, కుడి చెవి చిరిగినది,
ఈదుకుంటూ నా ఒడ్డుకి చేరింది.
బోధన్ ఆయన రాశాడు:
"దాని పేరు చామంతి. బెల్లం పెడితే మాట వింటుంది."

ఈ వారం నా ఆజ్ఞల్లో మొదటి లైను:
బెల్లం, రెండు మణుగులు.